పద్దులు రాసిన చేత్తో దుకాణాలు గీసిన భూపేన్ ఖక్కర్

మన ప్రత్యేక సంచికలలో ఒక ప్రముఖుని జీవితం వేయడం ఆనవాయితీగా వస్తున్నది. ఇంతవరకు దేశనాయకులను, కవులను, సంఘసంస్కర్తలను స్మరించుకున్నాము. ఈసారి సంపాదక మిత్రులు ఆ పని నాకు అప్పగించినప్పుడు, సర్వీసులో ఎక్కువ భాగం లెడ్జర్ల మధ్య గడిపిన మనవంటి వారికి దగ్గరగా ఉండే మనిషి ఎవరా అని ఆలోచించి, ఒక అకౌంటెంటును ఎంచుకున్నాను. ఆయన పేరు భూపేన్ ఖక్కర్. పుట్టింది బొంబాయి, స్థిరపడింది బరోడా, మాతృభాష గుజరాతీ. ఒక ఇంజనీరింగ్ కంపెనీలో లెక్కలు చూస్తూ, మిగిలిన వేళల్లో బొమ్మలు వేసి, ప్రపంచంలోని పెద్ద మ్యూజియములకు చేరిన చిత్రకారుడు. ఆయన వేసినవి రాజుల బొమ్మలు కావు, రాణుల బొమ్మలు కావు. గడియారాలు బాగుచేసే కొట్టు, దర్జీ కొట్టు, క్షౌరశాల, టీ దుకాణం, వాటి మీద బోర్డులు, లోపల కూర్చున్న మనుషులు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. కాని ఆ కొట్లు ఇప్పటికీ ఆయన బొమ్మల్లో తలుపులు తెరుచుకునే ఉన్నాయి.

భూపేన్ 1934 మార్చి 10వ తేదీన బొంబాయిలో జన్మించారు. ఖేత్‌వాడీ అనే మధ్యతరగతి పేటలో కాపురం. పూర్వీకులు పోర్చుగీసు వారి ఏలుబడిలో ఉండిన డయ్యూ నుంచి వచ్చిన చేతిపనివారు. నలుగురు పిల్లల్లో ఈయన ఆఖరివాడు. నాలుగేళ్ల వయసులోనే తండ్రి పోయారు. తల్లి మహాలక్ష్మి గారు తన ఆశలన్నీ ఈ చివరి కొడుకు మీదనే పెట్టుకున్నారు. ఇంట్లో గుజరాతీ, మరాఠీ, హిందీ నడిచేవి. ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ కుటుంబంలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాడు భూపేనే. ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివి, ఇంట్లోవారి పట్టుదల మీద బి.కాం. కూడా చేసి, చార్టర్డ్ అకౌంటెన్సీ పాసయ్యారు. సి.ఏ. పరీక్ష అంటే ఎంత కష్టమో, అది పాసైన కొడుకున్న తల్లి ఎంత నిశ్చింతగా నిద్రపోతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి కొడుకు ఇరవై ఎనిమిదేళ్ల వయసులో బొంబాయి వదలి బరోడా వెళ్లిపోయారు, బొమ్మల కోసం. దీనికి కారకుడు గులాం మొహమ్మద్ షేక్ అనే యువ గుజరాతీ కవి, చిత్రకారుడు. 1958లో వీరిద్దరికీ పరిచయమైంది. భూపేన్‌లో ఉన్న ఆసక్తిని కనిపెట్టి, బరోడాలో కొత్తగా వెలసిన లలితకళల కళాశాలకు రమ్మని ప్రోత్సహించింది షేక్ గారే. 1962లో భూపేన్ అక్కడ చేరారు. చేరింది కూడా చిత్రలేఖనం కోర్సులో కాదు, కళావిమర్శ కోర్సులో. 1964లో పట్టా పుచ్చుకున్నారు. రంగులు వేసే విద్య చాలావరకు సొంతంగా కూడబెట్టుకున్నదే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన బొమ్మల్లో మనుషులు కొంచెం బిగుసుకుని ఉంటారు. స్టూడియోలో ఫొటోగ్రాఫరు కదలవద్దంటే కూర్చున్నట్టు ఉంటారు. గోడలు, బల్లలు డ్రాయింగు మాస్టారు నేర్పిన లెక్కకు సరిగ్గా రావు. మొదట్లో దీనిని లోపమన్నవారు ఉన్నారు. నా మటుకు నాకు ఆ బిగువులోనే నిజం కనిపిస్తుంది. మన తరం వాళ్లం పెళ్లి ఫొటోల్లో ఎలా నిలబడ్డామో ఒకసారి ఆల్బం తీసి చూసుకుంటే తెలుస్తుంది.

బరోడా అనగానే పరాయి ఊరని అనుకోవలసిన పని లేదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ గారు హైదరాబాదులో డిప్లొమా ముగించుకుని 1963లో ఆ కళాశాలకే వెళ్లి, కె.జి. సుబ్రమణ్యన్ గారి వద్ద చదివారు. అంటే ఖక్కర్ గారు, మన లక్ష్మా గౌడ్ గారు కొంతకాలం ఒకే ఆవరణలో తిరిగారన్నమాట. తర్వాతి కాలంలో తోట వైకుంఠం గారు కూడా అక్కడికే వెళ్లారు. లక్ష్మా గౌడ్ గారు ఆ తర్వాత గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూలులో అధ్యాపకులుగా పనిచేశారు. అలా బరోడాలో నేర్చిన విద్య మన పిల్లలకు అందింది.

ఖక్కర్ గారి మొదటి సొంత ప్రదర్శన 1965లో బొంబాయిలో జరిగింది. బజారులో దొరికే దేవుళ్ల పటాలు, క్యాలెండర్ల బొమ్మలు కత్తిరించి, అతికించి, వాటి మీద గోడరాతల వంటి గీతలు గీసి పెట్టారు. లక్ష్మీదేవి, కృష్ణుడు, హనుమంతుడు ఉన్న ఆ క్యాలెండర్లు మన ఇళ్లలో కిరాణా కొట్టువాడు సంక్రాంతికి ఇచ్చేవే. ఏడాది పొడుగునా పాలవాడి లెక్క రాసుకునేది వాటి మీదనే. చదువుకున్నవారు చవకబారు కళ అని చులకన చేసే ఆ వస్తువును తీసుకొచ్చి గ్యాలరీ గోడకు తగిలించడం ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడలేదు. ఆ సమయంలోనే ఇంగ్లండులో, అమెరికాలో డబ్బాల మీద లేబుళ్లు, సినిమా ప్రకటనలు, పత్రికల బొమ్మలు చిత్రకళలోకి వస్తున్నాయి. ఆ గాలి బరోడాకూ తగిలింది. అయితే ఖక్కర్ గారు ఆ పద్ధతిని అలాగే దిగుమతి చేసుకోలేదు. మన బజారులో ఏమున్నదో అది చూశారు.

ఇక్కడ ఆయన ఉద్యోగం సంగతి చెప్పాలి. బరోడాలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో పార్ట్ టైమ్ అకౌంటెంటుగా కుదిరారు. పేరు వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ ఉద్యోగం వదల్లేదు. ఒక పూట డెబిట్, క్రెడిట్. ఇంకో పూట ఎరుపు, నీలం. కళాకారుడంటే ఉద్యోగం మానేసి, గడ్డం పెంచి, అప్పులు చేయాలని ఒక అభిప్రాయం ఉన్నది కదా, దానికి ఈయన సరిపోరు. నాకు తోచిందేమిటంటే, ఆ జీతమే ఆయనకు అసలైన స్వేచ్ఛ. బొమ్మ అమ్ముడుపోతే తప్ప పొయ్యి వెలగదన్న స్థితి ఉంటే, కొనేవాడి డ్రాయింగు రూములో సోఫా రంగుకు సరిపోయేది వేయవలసి వచ్చేది. జీతం రాళ్లు వస్తున్నాయి కాబట్టి ఎవరూ అడగని బొమ్మలు వేయగలిగారు. గడియారాల రిపేరు కొట్టు బొమ్మ కావాలని ఎవరు మాత్రం అడుగుతారు?

ఆ బొమ్మలు వచ్చింది 1970ల ఆరంభంలో. 1972లో 'జనతా వాచ్ రిపేరింగ్', అదే సంవత్సరం 'డీ-లక్స్ టైలర్స్', 'టీ దుకాణం నుంచి దృశ్యం', ఆ రోజుల్లోనే క్షౌరశాల బొమ్మ. పేర్లు చూడండి. బొమ్మ పేరూ కొట్టు పేరూ ఒకటే. జనతా అన్న మాట ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఉండేది. జనతా హోటలు, జనతా స్టవ్వు, జనతా ఎక్స్‌ప్రెస్. డీలక్స్ అన్నది ఇంకొకటి. ఆరడుగుల కొట్టులో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె, ఒక బల్ల ఉన్నా సరే, పైన డీలక్స్ అని రాస్తే ఆ దర్జీకి గౌరవం, బట్ట ఇచ్చేవాడికి ధైర్యం. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలియనక్కరలేదు. ఖక్కర్ గారు ఆ అక్షరాలను మూలకు నెట్టలేదు. మనిషి ముఖానికి ఎంత శ్రద్ధ పెట్టారో అతని బోర్డుకూ అంతే శ్రద్ధ పెట్టారు. పేదవాడు తనను గురించి తాను లోకానికి చెప్పుకునే మాట ఆ బోర్డు ఒక్కటే కదా.

ఇక రంగులు. పచ్చి నీలం, చిలకాకుపచ్చ, గులాబీ. బోర్డులు రాసే పెయింటరు డబ్బాలోంచి తీసినట్టే ఉంటాయి గాని, ఆయన వాడినవి ఆయిల్ కలర్లు. గోడను నున్నగా, సమంగా పూశారు. చెట్టు వేస్తే ఆకు ఆకునూ వేశారు. ఇందులో ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ రూసో ప్రభావం ఉన్నదని విజ్ఞులు అంటారు. ఆయన కూడా ప్యారిస్‌లో సుంకాల వసూలు ఆఫీసులో చిరుద్యోగే! ఇటలీ సియెన్నా నగరపు పాత చిత్రకారులు, రాజస్థాన్‌లోని నాథద్వారం పటాలు, ఇవన్నీ ఖక్కర్ గారికి ఇష్టం. వాటన్నిటినీ తీసుకొచ్చి ఒక దర్జీ కొట్టుకు ధారపోశారు.

తెల్లదొరల కాలంలో కంపెనీ చిత్రాలని ఒక రకం ఉండేవి. దొరలు ఇంగ్లండుకు పట్టుకెళ్లడానికి మన చిత్రకారుల చేత కులవృత్తుల వారి బొమ్మలు వరుసగా వేయించుకునేవారు. చాకలి, దర్జీ, కుమ్మరి, నీళ్లు మోసేవాడు. మనిషికి పేరుండదు, ఊరుండదు, చేతిలో పనిముట్టు మాత్రం ఉంటుంది. ఖక్కర్ గారికి ఆ చిత్రాలు బాగా తెలుసు. ఆ వరుసనే తీసుకుని తారుమారు చేశారు. ఈయన దర్జీ నమూనా కాదు. ఒక ఊళ్లో, ఒక వీధిలో, ఫలానా పేరున్న కొట్టులో కూర్చున్న మనిషి. అతని మీద జాలి పడమని ఆ బొమ్మ మనల్ని అడగదు. అతణ్ణి చూసి నవ్వమనీ అడగదు. నవ్వు వస్తుంది నిజమే, కాని అది మన బంధువును చూస్తే వచ్చే నవ్వు.

1972లోనే వేసిన మరొక చిత్రం పేరు వింటే మన సభ్యులు ఉలిక్కిపడతారు. 'అసిస్టెంట్ అకౌంటెంట్ మిస్టర్ ఐ.ఎం. పటేల్'. కలెక్టరు గారి నిలువెత్తు చిత్రాలు ఆఫీసు హాళ్లలో ఎన్నో చూశాము. ఛాంబర్లో వరుసగా మాజీ అధికారుల ఫొటోలు, కింద చేరిన తేదీ, వెళ్లిన తేదీ. అసిస్టెంట్ అకౌంటెంటు బొమ్మను ఆయిల్ కలర్లలో వేసి, పేరుకు ముందు మిస్టర్ తగిలించి, హోదాతో సహా రాసినవారు ఈ దేశంలో ఇంకెవరైనా ఉన్నారా? ఆయనకు ముందు నేనైతే వినలేదు. ఆ మిస్టర్ అన్న మాటలో కొంత చిలిపితనం ఉన్నది, ఒప్పుకుంటాను. అయితే తనూ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడే కాబట్టి ఆ చిలిపితనానికి ఆయనకు హక్కున్నది.

ఆయన హాస్యప్రియుడు కూడా. 1972లో తన ప్రదర్శనకు వేసిన కేటలాగులో తానే వేషాలు వేసి ఫొటోలు దిగారు. ఒకదానిలో జేమ్స్ బాండ్, ఒకదానిలో కండలవీరుడు. బక్కపలచని అకౌంటెంటు కండలు చూపించి నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! 1969 నుంచి 1973 వరకు షేక్ గారితో కలసి 'వృశ్చిక్' అనే చిన్న పత్రిక నడిపారు. చిత్రకారుల హక్కుల గురించి, అకాడమీల తీరు గురించి అందులో గట్టిగానే రాసేవారు. గుజరాతీలో కథలు, నాటకాలు రాశారు. విదేశీ సబ్బు మీద మోజును పట్టుకుని రాసిన 'ఫోరిన్ సోప్' అనే కథకు మంచి పేరున్నది. సబ్బు డబ్బా ఖాళీ అయ్యాక కూడా బీరువాలో బట్టల మధ్య దాచుకున్న తరం మనది, ఆ మోజు మనకు తెలియనిది కాదు.

దుకాణాలను గీసిన చిత్రకారులు ఇతర దేశాల్లో లేకపోలేదు. అమెరికాలో ఎడ్వర్డ్ హాపర్ 1930లో న్యూయార్కులోని ఒక కొట్ల వరుసను ఆదివారం పొద్దున్నే చూసినట్టు వేశారు. ఎండ ఏటవాలుగా పడుతుంటుంది, పేవ్‌మెంటు మీద క్షౌరశాల గుర్తు స్తంభం, కిటికీలకు పరదాలు. మనిషి ఒక్కడూ ఉండడు. బోర్డుల మీద అక్షరాలున్నట్టే ఉంటాయి గాని చదవడానికి రావు. అది ఏకాంతం. 1960ల చివరినుంచి రిచర్డ్ ఎస్టెస్ వంటివారు దుకాణాల అద్దాలను కెమెరాతో పోటీపడి వేశారు. అద్దంలో ఎదుటి భవనం, కారు, ఆకాశం అన్నీ కనిపిస్తాయి. అద్దం వెనుక కూర్చున్నవాడు మాత్రం సరిగా కనిపించడు. ఖక్కర్ గారి కొట్టులో బోర్డు చదవవచ్చు, లోపలివాడి కళ్లలోకి చూడవచ్చు. వాస్తవిక చిత్రకళ అన్న మాటకు పుస్తకాల్లో ఏ అర్థం ఉన్నా, వాస్తవం ఎక్కువ ఉన్నది ఎందులో అని అడిగితే నేను బరోడా వైపే చేయెత్తుతాను.

మా అబ్బాయి ఉద్యోగం రీత్యా నేను ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటున్నాను. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టలే ఎక్కువ. ఈనాడు ఎటు చూసినా అద్దాల మేడలు. ఎస్టెస్ బొమ్మల్లోలాగే వాటిలో మబ్బులు కనిపిస్తాయి గాని మనుషులు కనిపించరు. అయితే మెయిన్ రోడ్డు దిగి మాదాపూర్ లోపలి సందుల్లోకి నడిస్తే ఖక్కర్ గారి లోకం ఇంకా బతికే ఉన్నది. టిఫిన్ సెంటరు, జిరాక్సు కొట్టు, మొబైల్ రిపేరు, లేడీస్ టైలరు, అబ్బాయిల హాస్టలు, కర్రీ పాయింటు. మారిందల్లా బోర్డు. ఈ సందుల్లోని బోర్డులు దాదాపు అన్నీ ఫ్లెక్సీలే, ఎల్.ఇ.డి. దీపాలే.

మన ఉద్యోగకాలంలో ఆబిడ్స్‌లో, కోఠీలో, పత్తర్‌గట్టిలో బోర్డు అంటే చేతిపని. తగరపు రేకుకు ముందు అడుగు రంగు పూసి ఆరనిచ్చేవారు. సుద్దపొడి అద్దిన దారాన్ని రెండు చివర్లా లాగి పట్టి టప్పున వదిలితే తిన్నని గీత పడేది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు గుర్తు పెట్టుకుని, చదునైన కుంచెతో ఎనామిల్ పెయింటు దిద్దేవారు. అక్షరానికి నీడ వేయడం వేరే విద్య. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే రేకు మీద ఇమడ్చాలి. ఒకటి ఎడమనుంచి కుడికి, ఇంకొకటి కుడినుంచి ఎడమకు. కింద మూలన చిన్న అక్షరాలలో పెయింటరు తన పేరు రాసుకునేవాడు. 2000 తర్వాత ఫ్లెక్సీ ముద్రణ విస్తరించి ఆ చేతులకు పని తగ్గిపోయింది. ఇప్పుడు గంటలో బోర్డు వస్తుంది, ఏడాదిలో ఎండకు వెలిసిపోతుంది, మూలన ఎవరి పేరూ ఉండదు. ఆ పెయింటర్ల పేర్లను మనలో ఎవరమూ రాసి పెట్టుకోలేదు. బరోడాలో ఒక అకౌంటెంటు కనీసం ఆ కొట్లను, వాటి పేర్లను కాన్వాసు మీద భద్రపరిచారు.

మళ్లీ ఆయన జీవితానికి వద్దాము. 1975లో వేసిన 'ప్లాస్టిక్ పూలగుత్తి పట్టుకున్న మనిషి' ఆయన చిత్రాల్లో చాలా గొప్పదని నా అభిప్రాయం. మధ్యలో పెద్దగా ఒక నడివయసు మనిషి, చేతిలో వాడిపోని పూలు, ముఖంలో దిగులు. చుట్టూ అతని జీవితంలోని ఘట్టాలు చిన్న చిన్నవిగా ఉంటాయి. మన బల్ల పక్కనే ముప్పై ఏళ్లు కూర్చుని, ఇంటి సంగతి ఒక్కటీ చెప్పకుండా రిటైరైపోయిన సహోద్యోగి గుర్తుకు వస్తాడు.

1976లో మొదటిసారి విదేశాలు తిరిగారు. 1979లో ఇంగ్లండులో ఉండి, బాత్ కళాశాలలో కొంతకాలం బోధించారు. ప్రసిద్ధ ఆంగ్ల చిత్రకారుడు హోవర్డ్ హాడ్జ్‌కిన్ ఆయనకు మంచి మిత్రుడు. 'డీ-లక్స్ టైలర్స్' ఆ హాడ్జ్‌కిన్ గారి ఇంటికే చేరింది. ఇంగ్లండులో ఉన్నప్పుడు కూడా కోటలూ చర్చిలూ కాదు, పబ్బులో ఒంటరిగా కూర్చున్న సామాన్యుణ్ణి గీశారు. ఆ దేశంలో ఆయన ఇంకొకటి గమనించారు. తనవంటి మనుషులు అక్కడ దాక్కోకుండా బతుకుతున్నారని.

ఈ విషయం కొందరు సభ్యులకు రుచించకపోవచ్చు గాని, దాచిపెట్టి జీవితచరిత్ర రాయడం న్యాయం కాదు. ఖక్కర్ గారి అనురాగం పురుషుల పట్ల. ఆ సంగతి చాలా ఏళ్లు గుండెల్లోనే పెట్టుకున్నారు. ఆ రోజుల్లో అది మన దేశంలో చట్టరీత్యా నేరం. సుప్రీంకోర్టు ఆ నిబంధనను సడలించింది 2018 సెప్టెంబరు 6న, అంటే ఆయన పోయిన 15 ఏళ్లకు. 1980లో తల్లి మరణించారు. 1981లో ఆయన వేసిన పెద్ద చిత్రం పేరు 'అందరినీ మెప్పించలేవు'. తండ్రీ కొడుకూ గాడిదా కథ మనందరికీ తెలిసిందే. ఎక్కితే ఒకరు తిట్టారు, దిగితే ఒకరు తిట్టారు, చివరికి ఏం చేసినా తప్పే అయింది. ఆ కథ ఘట్టాలు ఊరి వీధుల్లో జరుగుతుంటాయి, మేడమీది వరండాలోంచి ఒక మనిషి దిగంబరంగా నిలబడి వాటిని చూస్తుంటాడు. అతడు ఎవరో చూసినవారికి అర్థమైంది. నలభై ఏడేళ్ల వయసులో, ఊరిలో పరువు, కొలువు రెండూ ఉన్న మనిషి అంత పని చేశారు. ఆ తర్వాత ఆయన చిత్రాల్లో ఈ విషయం దాపరికం లేకుండా వచ్చింది. ఆ చిత్రాలు కొన్ని చూడడం నావంటి పాతకాలం వాడికి కష్టమే. దుకాణాల బొమ్మలే నాకు ఎక్కువ ఇష్టం. కాని పద్దు సరిచేసి చూసేటప్పుడు ఈ కాలమ్ వదిలేస్తే మొత్తం కలవదు.

1981లోనే షేక్, జోగెన్ చౌధురి, వివాన్ సుందరం, నళినీ మలానీ, సుధీర్ పట్వర్ధన్ గార్లతో కలసి బొంబాయి, ఢిల్లీలలో 'ప్లేస్ ఫర్ పీపుల్' అనే ప్రదర్శన చేశారు. మనిషికి మళ్లీ చిత్రంలో చోటు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. 1984లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1992లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగే డాక్యుమెంటా మహాప్రదర్శనకు ఆహ్వానం వచ్చింది. 1995లో నవలాకారుడు సల్మాన్ రష్దీ చిత్రం వేశారు. అది లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నది. అదే ఏడాది వచ్చిన రష్దీ నవలలో అకౌంటెంటైన ఒక చిత్రకారుని పాత్ర వస్తుంది. దానికి మూలం ఎవరో చెప్పనక్కరలేదు. 2000లో నెదర్లాండ్స్ వారి ప్రిన్స్ క్లాస్ అవార్డు, 2002లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రీనా సోఫియా మ్యూజియంలో పెద్ద ప్రదర్శన జరిగాయి.

అప్పటికే ఆయనను కేన్సరు పట్టుకున్నది. 1990ల చివర్లో ప్రొస్టేట్ కేన్సరని తేలింది. మన వయసు మగవారికి ఆ జబ్బు పేరు కొత్త కాదు. చికిత్స చేయించుకుంటూనే బొమ్మలు వేశారు. శరీరం పడే బాధను, గాయాలను, చీలిన కడుపులను కూడా గీశారు. అకౌంటెంటు గదా, ఏ పద్దునూ వదలలేదు. 2003 ఆగస్టు 8న బరోడాలో కన్నుమూశారు. వయసు 69. ఆ ఏడాది నవంబరులో బొంబాయి నేషనల్ గ్యాలరీలో ఆయన జీవితకాలపు చిత్రాల ప్రదర్శన ఆయన లేకుండానే జరిగింది.

2016లో లండన్‌లోని టేట్ మోడరన్ ఆయన పేరిట పెద్ద ప్రదర్శన పెట్టింది. ప్రదర్శన పేరు కూడా ఆ గాడిద కథ బొమ్మ పేరే. ఆ చిత్రం టేట్ వారి వద్దనే ఉన్నది. అక్కడి పత్రికలో ఒక విమర్శకుడు ఆయనను తీసిపారేస్తూ రాశాడు, మన దేశపు చిత్రకారులు గట్టిగా జవాబిచ్చారు. పేరుకు తగ్గట్టే జరిగిందని నవ్వుకున్నవారున్నారు. హాడ్జ్‌కిన్ గారు పోయిన తర్వాత 2017లో ఆయన వస్తువులను వేలం వేస్తే 'డీ-లక్స్ టైలర్స్' 10 లక్షల పౌండ్లు దాటి పలికింది. 2019లో మరొక చిత్రం 25 లక్షల పౌండ్లు దాటింది. ప్యాంటు అంచు మడిచి కుట్టినందుకు చిల్లర పుచ్చుకునే దర్జీ బొమ్మకు అంత ధర! ఆ బొమ్మలోని దర్జీ ఈ లెక్క వింటే కొలత టేపు మెడలో అలాగే ఉంచుకుని ఒక నిమిషం కూర్చుండిపోయేవాడు.

ఢిల్లీలో పిల్లలున్న సభ్యులు అక్కడికి వెళ్లినప్పుడు ఇండియా గేటు దగ్గర జైపూర్ హౌస్‌లో ఉన్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు తప్పక వెళ్లగలరు. 'ప్లాస్టిక్ పూలగుత్తి పట్టుకున్న మనిషి' ఆ సంస్థ ఆస్తి. గోడల మీద బొమ్మలు మారుస్తుంటారు గనుక ముందుగా ఫోను చేసి, ఇప్పుడు ప్రదర్శనలో ఉన్నదో లేదో కనుక్కుని బయలుదేరడం మంచిది. సోమవారాలు సెలవు.